ఒక్కరే నలుగురై వాయించాలంటే

ఒక్కరే కూర్చుని నలుగురు వాయించినట్టు వినిపించే పద్ధతి ఈ మధ్య మన పిల్లలను బాగా ఆకర్షిస్తోంది. నాలుగు స్వరాలు వాయించి మీట నొక్కితే యంత్రం వాటినే మళ్ళీ మళ్ళీ వినిపిస్తుంది. దానిమీద మరో వరుస కలుపుకోవచ్చు. దీన్ని లూపింగ్ అంటారు. పాతదే. రాబర్ట్ ఫ్రిప్, బ్రయన్ ఈనో అనే ఇంగ్లండు సంగీతజ్ఞులు రెండు టేప్‌రికార్డర్లకు ఒకే టేపు చుట్టి ఇలా వాయించి, 1973లో రికార్డుగా విడుదల చేశారు. ఇప్పుడా టేపు పని చిన్న పెట్టెలోని చిప్ చేస్తోంది.

మా రెండో అమ్మాయి వయొలిన్ వాయిస్తుంది. ఇక్కడ హోసూరులో పక్కవాద్యం దొరకనప్పుడల్లా కచేరీ మానుకోవలసి వస్తోందని ఇలాంటి పెట్టె కావాలంది. తను ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బు. రెండోసారి కొనే వీలు లేదు. ఎంపిక నామీద పెట్టింది. నేను బీకాం చదివిన బ్యాంకు మనిషిని, నాకు తెలిసింది లెక్కలే.

దుకాణంలో మొదట చెప్పేది నిమిషాలు. బాస్ కంపెనీ ఆర్‌సీ-1లో 12 నిమిషాలు, ఆర్‌సీ-5లో 13 గంటలు పడుతుంది. నిమిషానికి 60 అక్షరాల నడకలో ఆదితాళం ఒక ఆవర్తనం 8 సెకన్లు. నాలుగు ఆవర్తనాలైనా 32 సెకన్లే. పదమూడు గంటలకు డబ్బెందుకు కట్టాలి?

కట్టవలసింది లయకు. వరుస ముగించే మీట సెకనులో ఇరవయ్యో వంతు ఆలస్యంగా నొక్కారనుకోండి. పక్కన విడిగా తాళయంత్రం నడుస్తుంటే, ఇరవై ఆవర్తనాలు తిరిగేసరికి తేడా పూర్తి సెకను! అందుకని లయ పెట్టెలోనే ఉండి, వరుస చివరను తానే దెబ్బకు సరిచేసుకునేది మేలు. ఆర్‌సీ-1లో లయ లేదు.

ల్యాప్‌టాప్ చాలదా అన్నాడు మా బావమరిది. అది శబ్దాన్ని అంకెలుగా మార్చి కట్టలు కట్టి పంపుతుంది. సెకనుకు 48,000 అంకెల చొప్పున 256 అంకెల కట్టకు 5.3 మిల్లీసెకన్లు, వచ్చేటప్పుడొకటి, పోయేటప్పుడొకటి. పది దాకా ఫరవాలేదు, స్పీకరుకు 11 అడుగుల దూరంలో కూర్చున్నట్టే. మామూలు ల్యాప్‌టాప్‌లో అది ఇంకా పెరగవచ్చు.

వరుస మీద వరుస వేస్తే అంకెలు కూడుతాయి. 16 బిట్ల గడిలో 32,767 దాటితే పట్టదు, శబ్దం చిరుగుతుంది. లోపల 32 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ లెక్క చేసేదైతే ఆ భయం తక్కువ.

అసలు చిక్కు ఏ కరపత్రంలోనూ కనబడలేదు. కాలి మీట పెట్టెలు నిలబడి గిటారు వాయించేవారిని దృష్టిలో పెట్టుకుని చేసినవి. మన వయొలిన్ వాళ్ళు బాసింపట్టు వేసుకుని, కుడిపాదం మీద వాద్యం ఆనిస్తారు. రెండు చేతులకూ పనే. ఇక మీట నొక్కేదెవరు? విడిమీట తగిలించే సాకెట్ ఉందా, రికార్డు చేసే పని దానికి అప్పగించవచ్చా అన్నది దుకాణంలోనే అమ్మాయిని నేలమీద కూర్చోబెట్టి చూశాం. అమ్మేవాళ్ళు నవ్వుకున్నారు, నవ్వుకోనివ్వండి. వయొలిన్‌కు అతికించే పీజో మైకుకు పది లక్షల ఓముల ఇన్‌పుట్ ఉండాలి, లేకుంటే నాదం పలచబడుతుంది. అదీ వాయించి విన్నాకే ఒక మధ్యరకం పెట్టె తీసుకున్నాం.

ఇప్పుడు ఎడమ మోకాలి కింద మీట పెట్టుకుని సాధన చేస్తోంది. గురువుగారు విని, "ఇది తాళం తప్పదు సరే. నువ్వు తప్పితే సర్దుకుని కలుపుకోదు కదమ్మా!" అన్నారు. మృదంగం దొరికిన రోజున పెట్టె ఇంట్లోనే ఉంటుందని మా అమ్మాయి ఆయనకు మాట ఇచ్చింది.