అటక మీది కచేరీలు

విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948లో మొదలైంది. ఆ తరవాత కొన్ని దశాబ్దాలపాటు కర్ణాటక సంగీతం వినాలనుకున్న తెలుగువారికి రేడియోయే పెద్ద సభ. స్టూడియోలో పాడిన కచేరీలు కొన్ని, ఆహూతుల సమక్షంలో జరిగినవి కొన్ని. వోలేటి వెంకటేశ్వర్లు గారు (1928–1989) ఆ కేంద్రంలోనే పనిచేశారు. ఆయన పాట ఈనాడు మనకు వినిపిస్తోందంటే అది చాలావరకు రేడియో టేపుల చలవే. టేపు ఖరీదైన ఆ రోజుల్లో ఒకదాని మీద ఇంకొకటి రికార్డు చెయ్యడం మామూలే. అందుకని ఏదో ఒక కచేరీకి మిగిలిన ఏకైక ప్రతి, ఒక రసికుడు రేడియో పక్కన రికార్డరు పెట్టి పట్టుకున్నదే కావచ్చు. అది ఇప్పుడు మనలో ఎవరి బేస్‌మెంట్‌లోనో ఉండవచ్చు.

కొన్నేళ్ళుగా తీరిక వేళల్లో మిత్రుల ఇళ్ళలోని ఇలాంటి టేపులను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాను. ఆ పని ఎలా జరుగుతుందో చెబుతాను.

టేపంటే ప్లాస్టిక్ పట్టీ మీద జిగురుతో అంటించిన ఇనుప ఆక్సైడ్ పొడి. పాట ఆ పొడిలో అయస్కాంతపు గుర్తులుగా ఉంటుంది. 1970, 80లలో తయారైన కొన్ని రకాల స్పూలు టేపుల్లో జిగురు తేమను పీల్చుకుని బంకగా తయారవుతుంది. అలాంటిదాన్ని తిప్పితే పొడి ఊడివస్తుంది, దానితోపాటే పాటా పోతుంది. నిపుణులు అటువంటి టేపును సుమారు 50–55 డిగ్రీల సెల్సియస్ వేడిలో కొన్ని గంటలు ఉంచి, తేమ పోయాక కాపీ చేస్తారు. ఇది ఇంటి ఓవెన్‌లో చేసే పని కాదు. ఇంకా పాతవైన ఎసిటేట్ టేపులు వెనిగర్ వాసన వేస్తాయి. వాటిని అసలు వేడి చెయ్యకూడదు. క్యాసెట్లకు ఈ బాధ తక్కువ. చాలాసార్లు డబ్బా మార్చి, టేపును హెడ్‌కి అదిమిపెట్టే చిన్న మెత్తను సరిచేస్తే చాలు.

తరవాతిది హెడ్ కోణం. రికార్డు చేసిన యంత్రం హెడ్ ఒక కోణంలో, మన యంత్రం హెడ్ ఇంకో కోణంలో ఉంటే వయొలిన్ మూగబోయినట్టుంటుంది. హెడ్ పక్కనున్న చిన్న మరను కొద్దికొద్దిగా తిప్పుతూ, పైస్థాయి బాగా తేటపడినచోట ఆపాలి. ఇది కాపీ చేసే ముందే చెయ్యాలి. ఆ తరవాత ఏ సాఫ్ట్‌వేరూ ఆ లోటును పూర్తిగా తీర్చలేదు.

అన్నిటికన్నా నాకు ఆసక్తి కలిగించేది వేగం. టేపు తప్పు వేగంతో తిరిగితే రాగం మారదు, స్వరాల మధ్య నిష్పత్తులు అలాగే ఉంటాయి కనక. కాని గొంతు మారుతుంది, కాలప్రమాణమూ మారుతుంది. ఏసీ మోటారుతో నడిచే పాత ఇండియా యంత్రాన్ని అమెరికాలో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి నడిపితే వోల్టేజీ సరిపోతుంది గాని ఫ్రీక్వెన్సీ మారదు. 50 హెర్ట్జ్ మోటారు 60 హెర్ట్జ్ మీద అయిదో వంతు ఎక్కువ వేగంతో తిరుగుతుంది. ఒకటి శ్రుతిలో పాడినవారు రెండున్నర పైన పాడినట్టు వినిపిస్తారు.

సరైన వేగం తెలుసుకోడానికి కరెంటు రొద సాయపడుతుంది. ఇండియాలో రికార్డైన టేపులో అది 50 హెర్ట్జ్ దగ్గర ఉండాలి. 53 దగ్గర కనిపిస్తే టేపు ఇంచుమించు అర శ్రుతి ఎక్కువలో ఉందన్నమాట. అయితే అప్పట్లో మన కరెంటు కూడా నిలకడగా ఉండేది కాదు. అందుకని గాయకుడి మామూలు శ్రుతి, అనౌన్సరు గొంతు సహజంగా ఉందా లేదా అన్నదీ చూసుకోవాలి.

చివరిది చప్పుళ్ళు తీసెయ్యడం. ఇక్కడే ఎక్కువ నష్టం జరుగుతుంది. సాఫ్ట్‌వేరు ఎడతెగని శబ్దాన్ని రొద అనుకుంటుంది. తంబురా కూడా ఎడతెగనిదే! గట్టిగా శుభ్రం చేస్తే తంబురా మాయమై, గాయకుడు నీళ్ళలోంచి పాడుతున్నట్టుంటుంది. నేను గీర, టప్ అనే చప్పుళ్ళు తీసి, హిస్సు కాస్త తగ్గించి ఊరుకుంటాను. సభలో ఎవరో అన్న "భళా" కూడా కచేరీలో భాగమే. శుభ్రం చెయ్యని మొదటి ప్రతిని 24 బిట్ వేవ్ ఫైలుగా విడిగా దాచండి. అసలు టేపును పారెయ్యకండి. రేపు ఇంతకన్నా మంచి పద్ధతి రావచ్చు.

యంత్రం చెయ్యలేని పని ఒకటి ఉంది. నేను చూసిన టేపుల్లో చాలావాటిలో చివరి ప్రకటన లేదు. టేపు కలిసొస్తుందని పాట అవగానే ఆపేసేవారు. వయొలిన్ ఎవరిదో, మృదంగం ఎవరిదో చెప్పగలవారు మన ఇళ్ళల్లోని పెద్దవాళ్ళే. మీ అమ్మగారినో మామగారినో పక్కన కూర్చోబెట్టుకుని ఆ టేపు వినిపించండి, వాళ్ళు చెప్పిన పేర్లు రాసిపెట్టండి. టేపు ఇంకో పదేళ్ళు ఆగినా ఆగుతుందేమో, ఈ పని మాత్రం ఆగదు.