కప్పు తిరగేసి చూడండి

మీకు తెలుసా? 1717లో సాక్సనీ పాలకుడు అగస్టస్ తన సైన్యంలోంచి 600 మందిని ప్రష్యా రాజుకు ఇచ్చేసి, బదులుగా 151 చైనా పింగాణీ పాత్రలు పుచ్చుకున్నాడు. వాటిలోని పెద్ద జాడీలను ఇప్పటికీ ఆ సైనికుల పేరుతోనే ‘డ్రాగూన్ జాడీలు’ అంటారు. మనుషుల్ని ఇచ్చి జాడీలు కొన్న ఆ బేరం తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది. కానీ చైనా పింగాణీ కోసం ఆనాటి యూరప్ ఎంతగా తహతహలాడిందో అంతకంటే బాగా చెప్పే సంఘటన మరొకటి లేదు.

నిజానికి ఆ బేరం నాటికే అగస్టస్ గుప్పిట్లో పింగాణీ రహస్యం ఉంది. బంగారం చేసిపెడతానన్న యోహాన్ బోట్‌గర్ అనే యువకుణ్ణి ఆయన నిర్బంధించి, ప్రయోగాలు చేయించాడు. బంగారం రాలేదు. చిర్న్‌హౌస్ అనే శాస్త్రవేత్తతో కలిసి చేసిన ఆ ప్రయోగాల్లో 1708లో తెల్లని గట్టి పింగాణీ వచ్చింది. 1710లో మైసెన్‌లో కర్మాగారం వెలిసింది. 1720ల నుంచి అక్కడి సరుకు అడుగున నీలిరంగులో జోడుకత్తుల గుర్తు వేస్తున్నారు. పింగాణీ లోకంలో అతి ఎక్కువగా దొంగ నకళ్ళు పుట్టిన గుర్తుల్లో అదొకటి. కాబట్టి కత్తులు కనబడగానే జేబులో చెయ్యి పెట్టకండి.

అయినా సరే, పాత టీ సెట్టు వయసు తెలుసుకోవాలంటే ముందుగా చూడాల్సింది కప్పు అడుగునే. అమెరికా 1890లో మెకిన్లీ సుంకాల చట్టం చేసింది. దాని ప్రకారం 1891 నుంచి దిగుమతి సరుకు మీద అది తయారైన దేశం పేరు ఉండి తీరాలి. సుంకాల కోసం చేసిన ఆ చట్టం సేకర్తలకు గొప్ప ఉపకారం చేసింది. దేశం పేరు లేకపోతే పాత్ర అంతకుముందుది కావచ్చు. ‘ఇంగ్లాండ్’ అని ఉంటే సాధారణంగా ఆ తర్వాతది. ‘మేడ్ ఇన్ ఇంగ్లాండ్’ అని ఉంటే చాలావరకు 20వ శతాబ్దానిది. జపాన్ సరుకు మీద మొదట్లో ‘నిప్పాన్’ అని వేసేవారు. అలా కాదు, ‘జపాన్’ అనే వేయాలని 1921లో అమెరికా పట్టుబట్టింది. ‘ఆక్యుపైడ్ జపాన్’ అన్న ముద్ర కనిపిస్తే ఆ కప్పు రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ ఓడిపోయాక, 1952లో పరాయి సేనల పాలన ముగిసేలోపు తయారైంది. అలాంటి కప్పులు కళాఖండాలేమీ కావు, చాలావరకు చవక సరుకే. అయినా ఎక్కడైనా కనబడితే వదలకండి.

ముద్రలో కనిపించే సంవత్సరం చూసి చాలామంది పొరబడతారు. ‘వెడ్జ్‌వుడ్ 1759’ అని ఉంటే ఆ కప్పు 1759 నాటిది కాదు. అది ఆ సంస్థ పుట్టిన సంవత్సరం. నిన్నగాక మొన్న తయారైన కప్పు మీదా అదే అంకె ఉంటుంది.

వెడ్జ్‌వుడ్ మాట వచ్చింది కనుక కప్పల కథ కూడా చెప్పాలి. రష్యా మహారాణి కాథరిన్ 1773లో జోసయా వెడ్జ్‌వుడ్‌కు 50 మందికి సరిపడే భోజన సామగ్రి పురమాయించింది. మొత్తం 952 పాత్రలు. వాటి మీద బ్రిటన్ కోటలు, తోటలు, నదీతీరాల దృశ్యాలు పన్నెండు వందలకు పైగా చేత్తో చిత్రించారు. ప్రతి పాత్ర మీదా ఒక చిన్న ఆకుపచ్చ కప్ప కూడా ఉంటుంది. ఆ సామగ్రి వెళ్ళాల్సిన రాజభవనం ‘కప్పల చిత్తడి’ అని పేరున్న చోట ఉండటమే అందుకు కారణం. ఇప్పుడా సామగ్రి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటాజ్ మ్యూజియంలో ఉంది. అంత పెద్ద పనిని ఏడాది తిరిగేసరికి పూర్తి చేశారంటే ఆ చిత్రకారులకు చేతులెత్తి మొక్కాలి.

18వ శతాబ్దపు ఇంగ్లీషు ‘ట్రియో’లో ఏముండేదో తెలుసా? పిడి లేని టీ గిన్నె, పిడి ఉన్న కాఫీ కప్పు, ఆ రెండింటికీ కలిపి ఒకే సాసరు. టీ, కాఫీ ఒకేసారి తాగరు కదా, రెండో సాసరు దండగ అనుకున్నారు. ఇప్పుడు ట్రియో అంటే కప్పు, సాసరు, పక్కన బిస్కట్లు పెట్టుకునే చిన్న ప్లేటు. పాత సెట్లలో చక్కెర గిన్నెలా కనిపించే మరో గిన్నె ఉంటుంది. కప్పులో అడుగున మిగిలిన చల్లటి టీ, ఆకు పారబోయడానికి పెట్టుకున్నది అది. అమ్మేవాళ్ళలోనూ చాలామందికి ఈ సంగతి తెలియదు. అది లేని సెట్టు అసంపూర్ణమే కనుక బేరమాడేటప్పుడు గుర్తు పెట్టుకోండి.

బోన్ చైనాలో ‘బోన్’ ఉత్త అలంకారం కాదు. అందులో దాదాపు సగం పశువుల ఎముకల బూడిదే ఉంటుంది. మిగతాది తెల్లమట్టి, ఒక రకం రాతిపొడి. 18వ శతాబ్దం చివర్లో స్టోక్‌లో జోసయా స్పోడ్ ఈ పాళ్ళు కుదిర్చాడు. కప్పును దీపం ముందు పెడితే అవతల ఉన్న వేళ్ళ నీడ కనబడటం ఆ బూడిద మహిమే. ఎముక మాట పట్టింపు ఉన్న ఇళ్ళవాళ్ళు కొనేముందు అడుగున ‘బోన్ చైనా’ అన్న ముద్ర ఉందో లేదో చూసుకోవాలి, దుకాణంలో నేరుగా అడగాలి కూడా. ఇందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు.

జపాన్ నోరిటాకే సంస్థ 1904లో మొదలైంది. మొదటి డిన్నర్ సెట్టు మాత్రం 1914లో గానీ రాలేదు. పదేళ్ళూ కుస్తీ పట్టింది 25 సెంటీమీటర్ల భోజనం ప్లేటుతో! గుండ్రని కప్పు బట్టీలో నిలబడుతుంది కానీ వెడల్పాటి ప్లేటు వంగిపోతుంది. ఈసారి పాత ప్లేటు కొనేటప్పుడు నున్నటి గట్టు మీద పెట్టి చూడండి. ఊగకుండా కూర్చుంటే దాన్ని చేసినవాడి పనితనానికి అదే రుజువు.

వెండి టీపాట్లకు కర్ర పిడి ఎందుకు? వెండి వేడిని ఇట్టే పట్టుకుంటుంది, పిడి కూడా వెండిదైతే చెయ్యి కాలుతుంది. ఇక అడుగున ‘ఈపీఎన్ఎస్’ అని ఉంటే అది వెండి పాత్ర కాదు, పైన వెండిపూత మాత్రమే. బర్మింగ్‌హామ్‌కు చెందిన ఎల్కింగ్టన్ సంస్థ 1840లో కరెంటుతో పూత వేసే పద్ధతికి పేటెంటు పొందింది. పూత కింద ఉండేది రాగి, జింకు, నికెల్ కలిసిన లోహం. మన దుకాణాల్లో పూజా సామాన్లుగా అమ్మే జర్మన్ సిల్వర్ కూడా అదే కుటుంబానిది. దానిలో వెండి రవ్వంత కూడా ఉండదు.

పాత పాత్రలను వాడాలా, అద్దాల బీరువాలో పెట్టాలా అని అడిగితే నేను వాడమనే అంటాను, అయితే కొన్ని జాగ్రత్తలతో. పాత గ్లేజుల్లో, రంగుల్లో సీసం ఉండవచ్చు. పులుపు దాన్ని బయటికి లాగుతుంది. అందుకని చింతపండు పచ్చడి, నిమ్మకాయ పులిహోర, ఆవకాయ వాటిలో నిల్వ ఉంచకండి. నెర్రెలు పడ్డ కప్పులో టీ తాగకండి. అమెరికాలో 1936 నుంచి వచ్చిన ఫియెస్టా పాత్రల ఎర్ర గ్లేజులో యురేనియం ఉండేది. బాంబు కోసం ప్రభుత్వానికి యురేనియం కావాల్సి రావడంతో 1943లో ఆ రంగు ఆపేశారు. అలాంటివి చూసుకోవడానికే తప్ప తినడానికి కాదు. బంగారు అంచున్న కప్పును మైక్రోవేవ్‌లో పెడితే నిప్పురవ్వలు లేస్తాయి. టీ మరకలకు తడిపిన వంటసోడా చాలు, పీచు పెట్టి తోమితే పువ్వులూ పోతాయి.

ఇవన్నీ కొనకుండా చూడాలనుకుంటే హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు అదృష్టవంతులు. సాలార్‌జంగ్ మ్యూజియంలో సెవ్ర్, డ్రెస్డెన్, వెడ్జ్‌వుడ్ పింగాణీ ఉంది. అదంతా ప్రధానంగా మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ కూడబెట్టిన సంపద. ఫలక్‌నుమా ప్యాలెస్ భోజనశాలలో ఒకే బల్ల చుట్టూ 101 మంది కూర్చోవచ్చు. కొనాలనుకునేవాళ్ళకు గురువారం గురువారం జుమేరాత్ బజార్ ఉండనే ఉంది. కప్పును వేలితో మెల్లగా మీటండి. గణగణమంటే గట్టిది, మొద్దుగా మోగితే ఎక్కడో బీటు ఉన్నట్టు.

మీ ఇంటి అటక మీద కూడా తాతల నాటి కప్పులు, పేర్లు చెక్కించిన ఇత్తడి, కంచు సామాన్లు ఉండే ఉంటాయి. వాటిని పాత సామాన్లవాడికి వేసేముందు ఇంట్లో పెద్దవాళ్ళను కూర్చోబెట్టి, ఏది ఎవరు తెచ్చారో, ఎవరి పెళ్ళికి వచ్చిందో అడగండి. చెప్పింది చీటీ మీద రాసి ఆ గిన్నెలోనే పెట్టండి. వాళ్ళు ఉండగానే ఈ పని చేయండి.