కారు జబ్బు ఫోనులో చూసుకోవాలంటే

డాష్‌బోర్డు మీద "చెక్ ఇంజన్" దీపం వెలగగానే ఇక్కడ మనవాళ్ళకి ముందు కళ్ళముందు కనబడేది మెకానిక్కు బిల్లు. అమెరికాలో 1996 మోడలు నుంచీ అమ్మిన ప్రతి పెట్రోలు కారుకీ స్టీరింగు దగ్గర, డాష్‌బోర్డు కింద, 16 పిన్నుల సాకెట్టు ఒకటుంటుంది. దాన్ని ఓబీడీ-టూ అంటారు. అందులో చిన్న అడాప్టరు గుచ్చితే దీపం ఎందుకు వెలిగిందో మన ఫోనే చెప్తుంది. ఏ అడాప్టరు కొనాలన్నదే తంటా.

ముందు మీ ఫోను సంగతి చూసుకోండి. ఆండ్రాయిడ్ అయితే మామూలు బ్లూటూత్‌ది చాలు. ఐఫోను ఆ రకం వాటిలో చాలావాటితో మాట కలపదు. దానికి బ్లూటూత్ లో ఎనర్జీ రకంగానీ, వైఫై రకంగానీ తీసుకోవాలి. వైఫైది వాడుతున్నంతసేపూ ఫోను ఆ అడాప్టరునే పట్టుకుని వేలాడుతుంది కనుక నా ఓటు లో ఎనర్జీకే.

ఇక పెట్టెల మీద కనబడే "ఈఎల్ఎమ్ 327" అనేది కెనడాలోని ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ వారి చిప్పు పేరు. ఆ కంపెనీ 2022లో మూతపడింది. వారి మొదటి వెర్షను ప్రోగ్రాముకి కాపీ కాకుండా రక్షణ పెట్టకపోవడంతో బజారంతా నకళ్ళే. చవక నకలు కూడా కోడు చదువుతుంది, కాదనను. కానీ కొన్నిటికి సగం కమాండ్లు తెలియవు, మధ్యలో కనెక్షను తెగుతుంది. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగు కోడ్లు కూడా కావాలంటే మీ కారు కంపెనీకి పనికొచ్చే యాప్ ఉందో లేదో ముందే చూసుకోవాలి.

నికరమైన అడాప్టరు విలువ కోడు దాటాక తెలుస్తుంది. మా మిత్రుడి పాత కారుకి పీ0420 వచ్చింది. కెటలిటిక్ కన్వర్టరు మార్చాలి, 1800 డాలర్లన్నారు ఒక షాపులో. నా అడాప్టరు పెట్టి ఇంజను బాగా వేడెక్కాక వెనక ఆక్సిజన్ సెన్సారు గీత చూశాం. కన్వర్టరు పాడైతే అది అదేపనిగా ఎగిరిపడుతుంది. ఇది చాలావరకు నిలకడగానే ఉంది. ఇంకో మెకానిక్కుకి చూపిస్తే సెన్సారుకి ముందు పొగగొట్టం అతుకు దగ్గర లీకు దొరికింది. కన్వర్టరు జోలికి వెళ్ళకుండానే పని అయిపోయింది.

యాప్‌లో కోడు చెరిపేసే మీట కూడా ఉంటుంది. ఎమిషన్ టెస్టుకి ముందురోజు దాని జోలికి పోకండి! కోడుతోబాటు కారు తనకు తాను చేసుకున్న పరీక్షల ఫలితాలూ పోతాయి. అవి మళ్ళీ పూర్తయ్యేదాకా, అంటే కొన్ని రోజులు తిరిగేదాకా, టెస్టులో వెనక్కి పంపేస్తారు.

అన్నట్టు, తాళం తీసేసినా ఆ సాకెట్టుకి బ్యాటరీ కరెంటు వస్తూనే ఉంటుంది. నెల్లాళ్ళు ఇండియా వెళ్తుంటే అడాప్టరు పీకేసి మరీ విమానం ఎక్కండి.