గోల్ఫు కర్ర, గాలపు కర్ర, ఒక లెక్కల పుస్తకము

మధురలో తరతరాలుగా కాపురముంటున్న మన తెలుగు కుటుంబాలకు కొడైకానల్ కొత్త ఊరు కాదు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి, పిల్లలు కాస్త ఎదిగాక ఒకసారి, ఆంధ్ర నుండి చుట్టాలు వచ్చినప్పుడల్లా ఒకసారి వెళ్ళి, సరస్సు చుట్టూ తిరిగి, యూకలిప్టస్ నూనె సీసా కొనుక్కొని వస్తూనే ఉంటాము. కాని ఆట కోసము, చేపల కోసము, ఆరుగురు స్నేహితులము మాత్రమే కలసి వెళ్ళాలని ఇన్నాళ్ళకు సంకల్పించాము. వచ్చే ఫిబ్రవరిలో నాలుగు రోజులు. ఇందుకై మేము విచారించి తెలుసుకొన్న సంగతులు, మాలో మేము చేసుకొన్న ఏర్పాట్లు పాఠకులకు ఉపయోగపడవచ్చునని ఇక్కడ వ్రాస్తున్నాము.

మా ఆరుగురిలో గోల్ఫు ఆడేవారు ఇద్దరు. ఒకరు బెంగుళూరులో ఉద్యోగము చేస్తూ ఆట నేర్చిన ఇంజనీరుగారు, మరొకరు జౌళి వ్యాపారి. గాలము వేసేది ఆఫీసు గుమాస్తాలమైన మేమిద్దరము. ఏ ఆటా పట్టనివారు ఇద్దరు: రిటైరైన హెడ్మాస్టరుగారు, మందుల షాపు మిత్రుడు. చిన్ననాడు ఒకే బడిలో చదువుకొన్నవారమే, ఆ హెడ్మాస్టరుగారు తప్ప. ఆయన మాకు చదువు చెప్పినవారు.

గోల్ఫు దొరల ఆట అని మనవారిలో ఒక అభిప్రాయమున్నది. దొరలు తెచ్చిన ఆట అన్నమాట నిజమే. కలకత్తాలో 1829 లోనే గోల్ఫు క్లబ్బు వెలిసింది. బెంగుళూరు క్లబ్బు 1876 నాటిది. కొడైకానల్ క్లబ్బు 1895 నాటిది. కాని ఆట దొరలతోనే ఆగిపోలేదు. బెంగుళూరులో ఇతరుల సంచులు మోసే కాడీగా మొదలుపెట్టిన సి. మునియప్పగారు 2009లో ఇండియన్ ఓపెన్ పోటీ గెలిచారు. సంచి మోసినవాడే కప్పు మోసుకొని పోయాడన్న మాట.

తెలియనివారి కోసము ఆట స్వరూపము రెండు మాటలలో చెబుతాము. పచ్చికలో దూరదూరాన 18 గుంటలు ఉంటాయి. ఒక్కొక్క గుంట వెడల్పు 108 మిల్లీమీటర్లు, అనగా మన కాఫీ లోటా దిగేటంత. బంతిని అతి తక్కువ దెబ్బలతో వరుసగా ఆ గుంటలన్నిటిలో వేసినవాడు గెలిచినట్లు. ఒక ఆటగాడు 14 కర్రలకు మించి వెంట తీసుకుపోరాదు. కొడైకానల్ సముద్రమట్టానికి సుమారు 2,100 మీటర్ల ఎత్తున ఉన్నది గనుక అక్కడ గాలి పలచన. అదే దెబ్బకు బంతి మధురలో కంటె కొంత ఎక్కువ దూరము పోతుంది. మైదానములోకి అడవిదున్నలు మేతకు రావటము అక్కడ మామూలే. అవి ఉన్నచోట బంతి పడితే బంతికి నీళ్ళు వదలుకోవలసినదే గాని దగ్గరకు పోరాదు.

ఇక మా గాలము సంగతి. కొడైకానల్ సరస్సు దేవుడు చేసినది కాదు. మధుర జిల్లా కలెక్టరుగా పనిచేసి అక్కడ స్థిరపడిన వేర్ లెవింజ్ దొర 1863లో వాగుకు కట్ట వేయించి దానిని తయారు చేయించాడు. ఆ నీటిలో మన బంగారు తీగ చేప ఉన్నది. దీనికి ఖరీదైన సరంజామా అక్కరలేదు. సన్నని దారము, చిన్న గాలము, సీసపు గుండు, బెండు, ఎరకు గోధుమపిండి ముద్ద. అంతకు మించి కావలసినది ఓపిక. అయితే ఒడ్డున కూర్చొని ఎవరినీ అడగకుండా గాలము వేయరాదు. మత్స్యశాఖవారి కార్యాలయములో అనుమతి సంగతి, రుసుము సంగతి, ఏ చోట కూర్చోవచ్చునో కూడా ముందే విచారించుకోవాలి. కొండపైన అడవులలో చాలా భాగము 2013 నుండి వన్యప్రాణి అభయారణ్యము. అక్కడి వాగులలో గాలము మాటే తలపెట్టరాదు. ఈ విషయములో మేము తెలిసినవారి మాట మీద ఆధారపడక, ఉత్తరము వ్రాసి, జవాబు వచ్చిన తరువాతనే గాలాలు మూట కట్టదలచాము. గోల్ఫు క్లబ్బు కార్యదర్శికి కూడా, సభ్యులు కానివారికి ఏ రోజులలో ప్రవేశము, రుసుమెంత, కర్రలు అద్దెకు దొరకునా అని మూడు ప్రశ్నలు వ్రాశాము.

ఫిబ్రవరి ఎందుకని అడగవచ్చును. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనపు వానలు. జనవరిలో తెల్లవారుజామున వేళ్ళు కొంకర్లు పోయే చలి. ఏప్రిలు, మే నెలలలో జనము. ఫిబ్రవరిలో ఆకాశము తేటగా ఉంటుంది, గదుల అద్దెలు కూడా కాస్త నేల మీద ఉంటాయి. 2024 మే నెల నుండి హైకోర్టు ఉత్తరువు ప్రకారము కొడైకానల్ పోయే బయటి బండ్లకు ఈ-పాస్ పెట్టారు. ఇటువంటి నిబంధనలు మారుతుంటాయి గనుక బయలుదేరే వారము మరొకసారి చూసుకోవటము మంచిది.

ఇంతవరకు అంతా సులువే. చిక్కు వచ్చినది డబ్బు దగ్గర.

మొదటి సమావేశములో ఇంజనీరుగారు సరస్సు ఎదుట ఒక పెద్ద హోటలు పేరు చెప్పి, మొత్తము ఖర్చు ఆరు భాగాలు చేద్దామన్నారు. ఎవరమూ కాదనలేదు. తరువాతి ఆదివారము మా తోటి గుమాస్తా మిత్రుడు రాలేదు. ఆఫీసులో సెలవు దొరకదని కబురు పంపాడు. అతని కుమార్తె కాలేజీ ఫీజు కట్టే నెల అదేనని మాకు తెలియును. జౌళి మిత్రుడు మంచి మనసుతోనే, “దానికేమున్నది, వాడి వంతు నేను పెట్టుకుంటాను” అన్నాడు. ఆ మాట ఎలాగో అతని చెవిన పడింది. ఆ తరువాత ఆదివారాలు కాఫీకి రావటమే మానుకొన్నాడు. నలభై ఏండ్ల స్నేహము ఒక హోటలు గది దగ్గర తెగిపోయేటట్లున్నది.

హెడ్మాస్టరుగారు అప్పుడు ఒక పని చేశారు. అందరినీ తమ ఇంటికి పిలిపించి, ఇంజనీరుగారితో, “నాయనా, మీ ఆటలో బాగా ఆడేవాడు, కొత్తగా నేర్చినవాడు కలసి ఎలా ఆడతారు?” అని అడిగారు. ఆయన చెప్పాడు: ఒకడికి మామూలుగా 85 దెబ్బలు, మరొకడికి 100 పడుతాయనుకోండి. ఆ పదిహేను రెండవవాడికి ముందే తగ్గించి లెక్క వేస్తారు. దానిని హ్యాండికాప్ అంటారు. అది దానము కాదు, ఆట నియమము. అందుచేత చిన్నవాడు తలవంచుకోనక్కరలేదు, పెద్దవాడు ఉపకారము చేశాననుకోనక్కరలేదు.

“మరి ప్రయాణానికి ఆ నియమము ఎందుకు లేదు?” అన్నారు హెడ్మాస్టరుగారు.

ఆ సాయంత్రమే లెక్కల పుస్తకము తెరచి నియమాలు వ్రాసుకొన్నాము. ఒకటి: బండి, బస, భోజనము ఉమ్మడి ఖర్చు; ఆరు సమ భాగాలు. రెండు: ఆట ఖర్చు ఆడేవారిదే. గోల్ఫు రుసుము గోల్ఫువారిది, గాలము రుసుము మాది. మూడు: బస ఎంతలో ఉండాలో అందరికంటె చిన్న సంచి గలవాడు చెప్పాలి, తక్కినవారు మారు మాట్లాడరాదు. నాలుగు: ఆరు నెలల ముందు నుండి నెలనెలా కొంత జమ చేయాలి. అయిదు: ఎవరూ ఎవరి వంతూ పెట్టుకోరాదు. జమాఖర్చులు వ్రాసే బాధ్యత మా గుమాస్తా మిత్రుడికే అప్పగించాము. అణాపైసల దగ్గర అతనిని మించినవాడు మాలో లేడు. పెద్ద హోటలు పోయి, వంటగది ఉన్న చిన్న ఇల్లు వచ్చింది. మరునాడే అతనికి ఆఫీసులో సెలవు కూడా దొరికింది!

రోజువారీ కార్యక్రమము కూడా వ్రాసుకొన్నాము. ఉదయము గోల్ఫువారు మైదానానికి, మేము నీటి ఒడ్డుకు. ఆటలు పట్టనివారు సూర్య పరిశోధనాలయము చూస్తారు. అది 1899లో స్థాపించినది. సూర్యుని మచ్చలలో వాయువులు బయటికి ప్రవహించే తీరును ఎవర్‌షెడ్ 1909లో కనిపెట్టినది అక్కడనే. పన్నెండేండ్లకొకసారి పూచే కురింజి మాత్రము చూడలేము. అది 2018లో పూసింది, మళ్ళీ 2030లో రావాలి. రాత్రి భోజనము ఆరుగురూ కలసే చేయాలి. చేప పడితే వేరే గిన్నెలో వండటము, పడకపోతే పప్పుచారుతో సరిపెట్టుకోవటము. చేతి పొడవు లేని చేపను నీటికే తిరిగి అప్పగించటము.

ఇంటివారి అనుమతి ఎలా దొరికిందని కొందరు పాఠకులు అడుగుతారు. మే నెలలో ఆడవారందరూ కలసి నాలుగు రోజులు కుర్తాలము పోతారని, అప్పుడు వంట, పిల్లలు మా పూచీ అని అదే పుస్తకములో ఆరవ నియమముగా వ్రాయించుకొన్నారు. మే నెలలో కుర్తాలములో నీళ్ళుండవని చెప్పిచూశాము. నీళ్ళ కోసము పోవటము లేదని జవాబు వచ్చింది.

స్నేహితులతో ప్రయాణము తలపెట్టే మన కుటుంబాలవారికి మేము చెప్పదలచినది ఇంతే. ఊరు నిర్ణయించుకొనే ముందు సంచి విప్పి మాట్లాడుకోండి. అందరికంటె తక్కువ ఇవ్వగలవాని నోట మొదటి మాట రానివ్వండి. మొహమాటముతో మొదలైన ప్రయాణములో ఎంత మంచి హోటలూ నిద్ర పట్టనివ్వదు. మా పుస్తకములో ఈ నెల జమ ఆరుగురిదీ చెల్లింది. క్లబ్బువారి జవాబు వచ్చింది. మత్స్యశాఖవారిది రావలసి ఉన్నది.