నేలమీది నౌకలకు పక్షుల పేర్లు

నౌక అనగానే నీటిపై తేలునది అని మనకు తోచును. కాని భారత నౌకాదళములో నీటిని తాకని నౌకలు కూడ కలవు. వానిలో ఒకదానికి తెలుగువారందరు ఎరిగిన పేరే ఉన్నది. విశాఖపట్టణమునందలి నౌకాదళ విమానస్థావరము పేరు 'ఐ.ఎన్.ఎస్. డేగ'. అది 1991లో దళమున చేరినది. 'ఐ.ఎన్.ఎస్.' అనగా భారత నౌకాదళపు నౌక అని అర్థము. ఒడ్డునగల స్థావరమును గూడ నౌకగానే భావించి పేరిడుట బ్రిటిషు నౌకాదళమునుండి వచ్చిన ఆచారము.

విమానస్థావరములు గనుక వీనికి పక్షుల పేర్లు తగియున్నవి. కొచ్చిలో గరుడ (1953), గోవాలో హంస, అరక్కోణములో రాజాళి (1992), ముంబయిలో శిక్రా, గ్రేట్ నికోబారు దీవిలో బాజ్ (2012). హంస తప్ప తక్కినవన్నియు వేటపక్షుల పేర్లే. అమెరికావారు మొదటి ప్రపంచయుద్ధ కాలమున సముద్రపు మందుపాతరలను ఏరివేయుటకై నిర్మించిన ఓడలకు తీతువు, గుడ్లగూబ వంటి పేర్లు పెట్టిరి. అవి నిజముగా తేలిన ఓడలే.

ఇంతకు డేగ ఏ పక్షి? నందవరం, ఎమ్మిగనూరు ప్రాంతముల విద్యార్థులు సముద్రమును చూడకపోయినను ఈ ప్రశ్నకు జవాబు తమ చేలలోనే వెదకవచ్చును. ఎండకు కాగిన నల్లరేగడి నేలనుండి వేడిగాలి పైకి లేచును. దానిపై రెక్కలాడింపకయే చుట్టు తిరుగుచు, తోక చివర చీలినట్లు కనబడునది గద్ద, డేగ కాదు. వేపకొమ్మల మాటున కూర్చుండి తొండను తటాలున తన్నుకొనిపోవునది జాలెడేగ. హిందీలో శిక్రా అనునది ఇదియే. పొట్టి రెక్కలు, పొడవైన తోక ఉండుటచే చెట్ల నడుమ చురుకుగా మలుపులు తిరుగగలదు. భైరిడేగ పద్ధతి వేరు. అది మొనదేలిన రెక్కలను ముడిచి, ఎత్తునుండి ఎరపై దూకునపుడు వేగము గంటకు 300 కిలోమీటర్లు మించును.

రెండును డేగలే అయినను ఇవి దగ్గరి చుట్టములు కావు. భైరిడేగకు జాలెడేగకంటె చిలుకయే దగ్గరి బంధువని 2008లో వెలువడిన జన్యుపరిశోధన తెలిపినది. ముక్కును, గోళ్లను మాత్రమే చూచి బంధుత్వము నిర్ణయింపరాదని విద్యార్థులకు చెప్పుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము నాకు తోచదు.

పక్షుల పేర్లు పెట్టుకొన్న స్థావరములకు నిజమైన పక్షులే పెద్ద బెడద. 700 గ్రాముల గద్ద, సెకనుకు 80 మీటర్ల వేగముతో వచ్చు విమానమునకు ఎదురైనదనుకొనుడు. ద్రవ్యరాశిలో సగమును వేగవర్గముచే గుణించినచో 2,240 జౌళ్ల శక్తి వచ్చును. పది కిలోల రాయి సుమారు 23 మీటర్ల ఎత్తునుండి పడిన దెబ్బకు ఇది సమానము. వేగము రెట్టింపైనచో శక్తి నాలుగు రెట్లగును. అట్టి పక్షి ఇంజనులో చిక్కినచో దాని రేకులు విరుగవచ్చును.

గద్దలు విమానమును చూచి రావు. చుట్టుపట్ల పారవేసిన మాంసపు వ్యర్థములకై వచ్చును. కొన్ని దేశములలో శిక్షణ పొందిన భైరిడేగలను విమానాశ్రయములపై ఎగురవేసి ఇతర పక్షులను తరుముదురు. ఉపాయము బాగున్నదే, కాని ప్రక్కనున్న చెత్తకుప్పను తీయనిచో, డేగ గూటికి చేరగానే గద్ద మరల వచ్చును.