గజ్జల్లో ఉబ్బును దాచొద్దు.. ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు

హెర్నియా శస్త్రచికిత్సకు ముందు, తర్వాత తెలుసుకోవాల్సినవి

వరంగల్: ఏనుమాముల వ్యవసాయ మార్కెట్‌కు మిర్చి పోటెత్తే రోజుల్లో హమాలీ వీపు మీది బస్తా దిగదు. ఒక్కో బస్తా సుమారు 40 కిలోలు. కాంటా దగ్గర దించడం, లారీకి ఎత్తడం.. పొద్దంతా అదే పని. ఆ బరువుల మధ్య గజ్జల్లో చిన్న ఉబ్బు కనిపించినా పట్టించుకునే తీరిక ఉండదు. పడుకుంటే లోపలికి పోతుంది, నిలబడితే మళ్లీ వస్తుంది. నొప్పి లేదు కదా అని కొందరు, చెప్పుకోవడానికి సిగ్గుపడి మరికొందరు, పనికి పోకపోతే పూట గడవదని ఇంకొందరు ఏళ్ల తరబడి దాచిపెడుతుంటారు. చివరకు ఏదో ఒక రాత్రి ఉబ్బు గట్టిపడి, వాంతులు మొదలై, అంబులెన్స్‌లో ఆసుపత్రికి చేరాల్సి వస్తుంది. ముందుగా తేదీ నిర్ణయించుకుని చేయించుకుంటే ఒకటి రెండు రోజుల్లో ఇంటికి చేరగలిగే శస్త్రచికిత్స ఇది. అత్యవసరంగా మారితే మాత్రం కుళ్లిన పేగును కోసి తీసేయాల్సిన పరిస్థితి ఏర్పడుతుంది. అందుకే రోగం కంటే జాప్యమే ఎక్కువ చేటు చేస్తుంది.

అసలేమిటీ హెర్నియా?

పొట్ట గోడలోని కండరాలు ఒకచోట బలహీనపడి సందు ఏర్పడినప్పుడు లోపలి కొవ్వు లేదా పేగు ఆ సందులోంచి బయటికి తోసుకొస్తుంది. చర్మం కింద ఉబ్బుగా కనిపిస్తుంది. దీన్నే హెర్నియా అంటారు. పల్లెల్లో 'పేగు జారింది' అని చెప్పుకుంటారు. గజ్జల్లో వచ్చేది అన్నింటికంటే ఎక్కువ. బొడ్డు వద్ద, పాత ఆపరేషన్ కోత పడిన చోట, తొడ మొదట్లో కూడా వస్తుంది. గజ్జల హెర్నియాకు జీవితకాలంలో శస్త్రచికిత్స అవసరమయ్యే అవకాశం పురుషుల్లో 27 శాతం, మహిళల్లో 3 శాతం ఉంటుందని 1996లో బ్రిటన్‌లో వెలువడిన అధ్యయనం తేల్చింది. అంటే ఇది అరుదైన జబ్బు కాదు, సిగ్గుపడాల్సిన జబ్బు అంతకంటే కాదు.

బరువులు మోసే ప్రతి ఒక్కరికీ ఇది రాదు. పుట్టుకతోనే ఉండే బలహీనత, వంశపారంపర్యం, వయసు, బీడీ చుట్టల వల్ల మానని దగ్గు, మలబద్ధకం, ప్రొస్టేట్ సమస్యతో మూత్రానికి ముక్కడం, ఊబకాయం వంటివన్నీ కారణాలే. మహిళల్లో కాన్పులు, గతంలో జరిగిన పొట్ట ఆపరేషన్లు తోడవుతాయి. నడుమ నిలువుగా కోత పడినవారికి ఆ చోట హెర్నియా వచ్చే అవకాశం అడ్డకోత పడినవారి కంటే ఎక్కువ.

చాలామంది దీన్ని బుడ్డ, వరిబీజంగా పొరబడుతుంటారు. బుడ్డ అంటే వృషణం చుట్టూ నీరు చేరడం. హెర్నియాలో దిగేది పేగు లేదా కొవ్వు. దగ్గినప్పుడు ఉబ్బు పెరిగి, పడుకుంటే తగ్గితే హెర్నియాగా అనుమానించాలి. రెండింటికీ చికిత్స వేరు కాబట్టి సర్జన్‌కు చూపించి నిర్ధారించుకోవడమే మేలు. అనుమానం ఉంటే స్కానింగ్ తీయిస్తారు.

పసరు మందుతో సందు పూడదు

పెద్దవారిలో హెర్నియా దానంతట అది మానదు. మాత్రలు, పసరు మందులు, వాతలు ఏవీ కండరంలో ఏర్పడిన సందును పూడ్చలేవు. బెల్టు కట్టుకుంటే ఉబ్బు కొంతసేపు ఆగుతుందే తప్ప జబ్బు పోదు.

అలాగని ఉబ్బు కనిపించిన మర్నాడే ఆపరేషన్‌కు పరుగెత్తాలనీ లేదు. నొప్పి లేని, చిన్న గజ్జల హెర్నియా ఉన్న పురుషులు కొంతకాలం వేచి చూడవచ్చా అన్న అంశంపై అమెరికాలో 720 మందిపై జరిగిన అధ్యయన ఫలితాలు 2006లో వెలువడ్డాయి. వైద్యుల పర్యవేక్షణలో వేచి ఉండటం సురక్షితమేనని, పేగు చిక్కుకుపోయే ప్రమాదం ఏడాదికి వెయ్యి మందిలో ఇద్దరికి మించదని తేలింది. అయితే వేచి ఉన్నవారిలో దాదాపు నాలుగో వంతు మంది రెండేళ్లలోపే నొప్పి వంటి కారణాలతో శస్త్రచికిత్సకే మొగ్గు చూపారు. వేచి ఉండటమంటే వైద్యుడికి చూపించుకుంటూ ఉండటమే. దాచిపెట్టి బస్తాలు మోయడం కాదు. తొడ మొదట్లో వచ్చే హెర్నియా సంగతి వేరు. మహిళల్లో ఎక్కువగా కనిపించే ఈ రకంలో పేగు చిక్కుకునే ప్రమాదం అధికం కనుక ఆలస్యం చేయకూడదు.

పసిపిల్లల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. గజ్జల్లో ఉబ్బు కనిపిస్తే త్వరగా ఆపరేషన్ చేయించాలి. వారికి మెష్ అవసరం ఉండదు. బొడ్డు ఉబ్బు మాత్రం చాలామంది పిల్లల్లో నాలుగైదేళ్ల వయసు వచ్చేసరికి దానంతట అదే తగ్గుతుంది. బొడ్డు మీద రూపాయి బిళ్ల పెట్టి గుడ్డ కట్టడం వల్ల ప్రయోజనం లేదు సరికదా, చర్మం పుండు పడే అవకాశం ఉంది.

ఆపరేషన్‌కు ముందు..

రక్త పరీక్షలు, ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే, బీపీ, షుగర్ పరీక్షలు చేసి రోగి మత్తు తట్టుకోగలడా లేదా అన్నది మత్తు వైద్యుడు నిర్ణయిస్తారు. షుగర్ అదుపులో లేకుంటే పుండు మానడం ఆలస్యమవుతుంది. గుండె జబ్బుకు రక్తం పలుచబడే మాత్రలు వాడుతున్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి. సొంతంగా మానేయకూడదు. బీడీ, సిగరెట్లు కనీసం నాలుగు వారాల ముందు ఆపేస్తే దగ్గు తగ్గుతుంది, గాయం త్వరగా మానుతుంది. దగ్గు, మలబద్ధకం ఉంటే ముందుగా వాటికి మందులు వాడాలి. లేకపోతే వేసిన కుట్లపై ఒత్తిడి పడుతుంది. ఆపరేషన్‌కు ఆరు గంటల ముందు నుంచి అన్నం, పాలు, టీ తీసుకోకూడదు. మంచినీళ్లు ఎప్పటివరకు తాగవచ్చో ఆసుపత్రి సిబ్బందిని అడిగి తెలుసుకోవాలి.

మెష్ అంటే భయమెందుకు?

కోత ఆపరేషన్‌లో గజ్జల్లో రెండు మూడు అంగుళాల మేర కోసి, జారిన భాగాన్ని లోపలికి నెట్టి, బలహీనపడిన చోట సన్నని వల వంటి మెష్ అమర్చుతారు. నడుము కిందివరకు తిమ్మిరెక్కేలా వెన్నుకు ఇంజక్షన్ ఇస్తారు. కొన్నిచోట్ల కోసే భాగానికి మాత్రమే మత్తు ఇస్తారు. సాధారణంగా గంటలోపు ముగుస్తుంది. లాపరోస్కోపీలో మూడు చిన్న రంధ్రాల ద్వారా లోపలివైపు నుంచి మెష్ పెడతారు. దీనికి పూర్తి మత్తు అవసరం. నొప్పి తక్కువ, పనిలోకి త్వరగా చేరవచ్చు. ఖర్చు ఎక్కువ. రెండువైపులా హెర్నియా ఉన్నవారికి, ఒకసారి కోత ఆపరేషన్ జరిగాక మళ్లీ వచ్చినవారికి ఇది అనువైనది.

పూర్వం కండరాలను దగ్గరికి లాగి కుట్టేవారు. ఆ లాగుడుకు నొప్పి ఎక్కువగా ఉండేది, కొందరిలో జబ్బు తిరగబెట్టేది. 1980వ దశకంలో అమెరికా సర్జన్ ఇర్వింగ్ లిక్టెన్‌స్టైన్ బృందం లాగకుండా మెష్ పరిచే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాక తిరగబెట్టడం బాగా తగ్గింది. మెష్ ఖరీదు పేదలకు భారం కాకూడదని మహారాష్ట్రలోని దొండాయిచాకు చెందిన సర్జన్ డాక్టర్ తొంగావ్‌కర్ దోమతెర గుడ్డను శుద్ధి చేసి వాడి చూశారు. 2016లో ఉగాండాలో 302 మంది పురుషులపై జరిగిన అధ్యయనం ఫలితాలు వెలువడ్డాయి. ఖరీదైన మెష్‌కూ, దోమతెర గుడ్డతో చేసిన చౌక మెష్‌కూ ఏడాది తర్వాత ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ధర ఎక్కువైతేనే మంచి మెష్ అనుకోనక్కర్లేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇంటికి వచ్చాక..

ఆపరేషన్ జరిగిన రోజు సాయంత్రం లేదా మర్నాడే లేచి నడవాలి. మంచానికే అంటుకుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. వెన్నుకు ఇంజక్షన్ ఇచ్చాక కొందరికి కొన్ని గంటలపాటు మూత్రం రాదు, తలనొప్పి వస్తుంది. ఆ సంగతి వెంటనే నర్సుకు చెప్పాలి.

మొదటి నాలుగైదు రోజులు నొప్పి ఉంటుంది. మాత్రలు వేళకు వేసుకుంటే వారం పది రోజుల్లో తగ్గుముఖం పడుతుంది. గజ్జలు, వృషణాల వద్ద కొద్దిపాటి వాపు, కమిలినట్లు నీలిరంగు కనిపించడం మామూలే. కోత కింద చేతికి గట్టిగా తగిలేది గాయం మానుతున్న లక్షణం. దాన్ని చూసి హెర్నియా మళ్లీ వచ్చిందని కంగారు పడనక్కర్లేదు. చర్మం కొన్నాళ్లు మొద్దుబారినట్లు ఉంటుంది. కొద్దిమందిలో నొప్పి నెలల తరబడి ఉండిపోతుంది. మూడు నెలలు దాటినా తగ్గకపోతే సర్జన్‌ను మళ్లీ కలవాలి.

పథ్యం పేరుతో పప్పు, గుడ్డు, కూరగాయలు మాన్పించడం పల్లెల్లో ఇంకా ఉంది. గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలి. ఆకుకూరలు, పండ్లు, నీళ్లు ఎక్కువగా తీసుకుంటే మలబద్ధకం రాదు. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు కోత మీద అరచేయి లేదా చిన్న దిండు అదిమి పట్టుకుంటే నొప్పి తగ్గుతుంది. కట్టు ఎప్పుడు తీయాలి, స్నానం ఎప్పుడు చేయాలి అన్నది వైద్యుడి సూచన ప్రకారమే. కరగని కుట్లయితే సాధారణంగా ఏడు నుంచి పది రోజుల్లో తీస్తారు.

బస్తా ఎత్తేది ఎప్పుడు?

చిన్నచిన్న ఇంటి పనులు, దుకాణంలో కూర్చుని చేసే పనులు ఒకటి రెండు వారాల్లో చేసుకోవచ్చు. హఠాత్తుగా బ్రేకు వేసినా నొప్పి రాదన్న నమ్మకం కుదిరాకే మోటారు సైకిల్ నడపాలి. బరువుల విషయంలో కనీసం ఆరు వారాలు ఆగాలి. 40 కిలోల బస్తాలు రోజంతా మోసే హమాలీలకు, నాగలి పట్టేవారికి, ఇటుక బట్టీ కూలీలకు మూడు నెలల వరకు విశ్రాంతి అవసరమని చెప్పే వైద్యులూ ఉన్నారు. ఈ విరామమే కూలీ కుటుంబానికి అసలు కష్టం. ఆపరేషన్ ఉచితంగా జరిగినా ఆ రోజుల కూలి ఎవరూ ఇవ్వరు.

అందుకే కాలం చూసుకుని నిర్ణయించుకోవాలి. మిర్చి సీజన్ ముగిసి మార్కెట్‌కు సరుకు తగ్గే వానాకాలం హమాలీలకు అనువైనది. వరి కోతలు, పత్తి ఏరడం పూర్తయ్యాక వేసవి రైతులకు వీలైన సమయం. వేసవిలో గాయం మానదన్న అపోహ అక్కర్లేదు, శుభ్రంగా ఉంచుకుంటే చాలు. సీజన్‌లో నడుమ ఆపరేషన్ చేయించుకుని, పక్షం రోజులకే బస్తా ఎత్తడం మాత్రం చేటు.

ఎక్కడికి వెళ్లాలి?

1959లో ఏర్పడిన కాకతీయ వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రికి పాత వరంగల్ జిల్లా నుంచే కాక ఇరుగు పొరుగు జిల్లాల నుంచీ రోగులు వస్తారు. జనరల్ సర్జరీ ఓపీలో చూపించుకోవచ్చు. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరు 9న రూ.5 లక్షల నుంచి రూ.10 లక్షలకు పెంచారు. ఏ రకం హెర్నియాకు ఏ ఆసుపత్రిలో పథకం వర్తిస్తుందన్నది చేరకముందే ఆరోగ్యమిత్ర వద్ద అడిగి తెలుసుకోవాలి. రేషన్ కార్డు, ఆధార్, పాత రిపోర్టులు వెంట తీసుకెళ్తే రెండోసారి తిరగాల్సిన పని ఉండదు.

ఈ లక్షణాలుంటే క్షణం ఆలస్యం వద్దు

* ఎప్పుడూ లోపలికి పోయే ఉబ్బు పోకుండా గట్టిపడటం, ముట్టుకుంటే నొప్పి
* ఉబ్బు మీది చర్మం ఎర్రబడటం, నల్లబడటం
* వాంతులు, కడుపు ఉబ్బరం, గ్యాస్, విరేచనం ఆగిపోవడం
* ఆపరేషన్ తర్వాతైతే జ్వరం, కోత నుంచి చీము లేదా ఆగని రక్తం, మూత్రం రాకపోవడం, పిక్కలో వాపు, ఆయాసం

పేగు చిక్కుకుంటే రక్తప్రసరణ ఆగి కొన్ని గంటల్లోనే కుళ్లడం మొదలవుతుంది. ఉబ్బును బలవంతంగా లోపలికి నొక్కకూడదు. తిండి, నీళ్లు ఇవ్వకుండా 108కు ఫోన్ చేయాలి. ఏటూరునాగారం వైపు నుంచి వరంగల్ చేరాలంటే సుమారు వంద కిలోమీటర్ల ప్రయాణం. అలాంటి దూరపు పల్లెల్లో ఉండేవారికి తెల్లారేదాకా చూద్దామనుకునే వ్యవధి ఉండదు. ఉబ్బు మెత్తగా, నొప్పి లేకుండా ఉన్నప్పుడే ఒకసారి సర్జన్‌కు చూపించుకుంటే అర్ధరాత్రి ఆ ప్రయాణం తప్పుతుంది.