అట్రిషన్: ఒక అరుగుదల కథ

క్రిందటి నెల ఒక మిత్రుడు కంగారుగా ఫోన్ చేశాడు. వాళ్ళ ఆఫీసు మీటింగులో పెద్ద మేనేజరుగారు "ఈ ఏడు హెడ్‌కౌంట్‌ని అట్రిషన్ ద్వారా తగ్గిస్తాం" అన్నారట. మనవాడిది హెచ్-1బి. ఉద్యోగం పోతే చేతిలో ఉండేది మహా అయితే 60 రోజులు. ఆ రాత్రే రెజ్యుమే దుమ్ము దులిపాడు పాపం.

ఇంతకీ ఆ మాటకి అర్థం ఏమిటి? లాటిన్‌లో 'టెరెరె' అంటే రుద్దడం. దానికి ముందు 'అడ్' చేరితే ఒకదాని మీద ఒకటి పెట్టి రాయడం. మన ఇళ్ళల్లో సాన మీద గంధం తీయడం గుర్తు చేసుకోండి. చెక్కని ఎవరూ నరకరు, విరవరు. అయినా కొన్నాళ్ళకి చిన్న ముక్కే మిగులుతుంది. సరిగ్గా అదే అట్రిషన్.

ఈ ధాతువుకి సంతానం ఎక్కువే. వాడి వాడి అరిగిపోయిన మాట 'ట్రైట్'. నష్టాన్ని చెప్పే 'డెట్రిమెంట్' కూడా ఈ ఇంటిదే. ఇంగ్లీషులోకి అట్రిషన్ 14వ శతాబ్దం చివర్లో చర్చి మాటగా వచ్చింది. శిక్షకి జడిసి పడే పశ్చాత్తాపం అట్రిషన్, దేవుడి మీద ప్రేమతో పడేది కంట్రిషన్. మొదటిదాంట్లో మనసు కాస్త అరుగుతుంది, రెండోదాంట్లో పూర్తిగా నలుగుతుంది అన్నమాట! తరవాత యుద్ధానికీ అంటుకుంది. 1916లో పది నెలలు సాగిన వెర్డన్ పోరుని ఇప్పటికీ ఈ మాటతోనే చెప్తారు.

ఉద్యోగాల దగ్గర మాత్రం చిన్న మెలిక ఉంది. ఇండియా ఐటీ కంపెనీల లెక్కల్లో అట్రిషన్ అంటే జనం మానేసి పోవడం. సగటున 200 మంది ఉన్నచోట ఏడాదిలో 30 మంది పోతే 15 శాతం. అది కంపెనీకి తలనొప్పి, ఆ ఖాళీల్లో మళ్ళీ మనుషుల్ని వెతుక్కోవాలి. తెలుగు పేపర్లు దీన్ని 'వలసలు' అంటాయి. ఆ మాట పోయినవాడిని చూస్తుంది, ఇంగ్లీషు మాట మిగిలిన చెక్కని చూస్తుంది. అమెరికాలో "అట్రిషన్ ద్వారా తగ్గించడం" అంటే రిటైరైనవాళ్ళ, మానేసినవాళ్ళ కుర్చీలు ఖాళీగా వదిలేయడం. ఎవర్నీ తీసెయ్యకుండానే సంఖ్య తగ్గుతుంది. లేఆఫ్‌కి ఇది ప్రత్యామ్నాయమే కాని మారుపేరు కాదు.

ఇదంతా చెప్పాక మిత్రుడు కాస్త కుదుటపడ్డాడు. మరునాడు మళ్ళీ ఫోన్. పక్క సీటతను మానేశాడట, అతని మాడ్యూల్ కూడా మనవాడి నెత్తినే పడిందట.